బీఎస్‌-6 లారీ సైలెన్సర్ మార్చాలంటున్నారా? పార్టు కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి!

డ్యాష్‌బోర్డుపై పసుపు లైటు వెలిగింది. లోడు లారీ ఎత్తు ఎక్కనంటోంది. మెకానిక్ కిందకు దూరి చూసి "సైలెన్సర్ జామ్ అయింది, మార్చాల్సిందే" అన్నాడు. షోరూంలో రేటు అడిగితే లక్షల్లో చెప్పారు. ఇంతలో ఇంకొకరు వచ్చి "అంత ఖర్చు ఎందుకన్నా? లోపలిది తీసేసి పైపు వేసేద్దాం. లైటు కూడా రాకుండా చేసేస్తా" అన్నాడు.

విజయవాడ ఆటోనగర్ కావచ్చు, గాజువాక కావచ్చు.. బీఎస్‌-6 లారీ ఓనర్లకు తరచూ ఎదురయ్యే సీన్ ఇది. నెల తిరిగేసరికి ఫైనాన్స్ కిస్తీ కట్టాలి. బండి ఆగితే కిరాయి పోతుంది. ఆ టైంలో చవక దారి బాగానే కనిపిస్తుంది. కానీ ఈ ఇద్దరూ ఒక ప్రశ్న వేయలేదు. అసలు జామ్ ఎందుకైంది?

అది ఒట్టి సైలెన్సర్ కాదు

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్తగా అమ్మేవి బీఎస్‌-6 బండ్లే. బీఎస్‌-5ను వదిలేసి నేరుగా ఆరుకు దూకేశాం. భారీ ఇంజిన్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్-అవర్‌కు 3.5 గ్రాముల నుంచి 0.46 గ్రాములకు పడిపోయింది. ఇంజిన్ ఒక్కటే ఇంత శుభ్రంగా పనిచేయలేదు. అందుకే పొగ బయటికొచ్చే దారిలోనే ఓ చిన్న కెమికల్ ఫ్యాక్టరీ పెట్టారు.

టర్బో దాటాక సాధారణంగా ముందు వచ్చేది డీఓసీ. ప్లాటినం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. కాలకుండా మిగిలిన డీజిల్ ఆవిరిని, కార్బన్ మోనాక్సైడ్‌ను ఇది కాల్చేస్తుంది. తర్వాత డీపీఎఫ్. తేనెపట్టులాంటి ఫిల్టర్, మసిని పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత డ్రైవర్లు 'యూరియా' అని పిలిచే డెఫ్ స్ప్రే అవుతుంది. ఇందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. వేడికి ఇది అమ్మోనియాగా మారుతుంది. చివరిగా ఎస్‌సీఆర్‌లో ఆ అమ్మోనియా నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. మధ్యమధ్యలో వేడి, ప్రెజర్, నాక్స్ సెన్సర్లు కాపలా కాస్తుంటాయి. చాలా మోడళ్లలో ఇదంతా ఒకే డబ్బాలో ఉంటుంది కాబట్టి మనకు సైలెన్సర్‌లా కనిపిస్తుంది. ధర లక్షల్లో ఉండేది కూడా అందుకే.

జామ్ అయ్యేది ఒకటి.. తప్పు ఇంకొకదానిది!

డీపీఎఫ్‌లో మసి చేరడం రోగం కాదు, దాని పనే అది. హైవేపై లోడుతో పరుగెత్తే బండిలో పొగ వేడికే ఆ మసి చాలావరకు కాలిపోతుంది. చాలకపోతే ఇంజిన్ కాస్త ఎక్కువ డీజిల్ పంపి ఫిల్టర్‌ను 550-600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఊళ్లోనే తిరిగే టిప్పర్లు, గంటలకొద్దీ ఇంజిన్ ఆన్‌లోనే నిలబడే కాంక్రీట్ మిక్సర్లకు ఆ వేడి రాదు. అప్పుడు లైటు వెలుగుతుంది. బండి ఆపి, స్విచ్ నొక్కి రీజనరేషన్ చేయాలి. 'అన్‌లోడ్ అయ్యాక చూద్దాంలే' అని నాలుగు రోజులు నెట్టుకొస్తే స్విచ్‌తో అయ్యే పని వర్క్‌షాపుకు చేరుతుంది. ఒక జాగ్రత్త: రోడ్డు పక్కన ఆరబోసిన వరిగడ్డి దగ్గర మాత్రం ఈ పని చేయొద్దు. పైపు నుంచి వచ్చే వేడికి అంటుకుంటుంది.

ఇక బూడిద సంగతి వేరు. ఇంజిన్ ఆయిల్ కాలితే మిగిలే బూడిద ఎంత వేడికీ పోదు. ఫిల్టర్ విప్పి, దానికోసం ఉన్న మెషీన్‌లో క్లీన్ చేయించాల్సిందే. కంపెనీ చెప్పిన తక్కువ బూడిద గ్రేడ్ కాకుండా చవక ఆయిల్ పోస్తే ఆ రోజు ముందే వస్తుంది. టర్బో సీల్ లీకై ఆయిల్ వెళ్తున్నా, ఇంజెక్టర్ కారుతున్నా అంతే. వాటిని వదిలేసి కొత్త ఫిల్టర్ బిగిస్తే, అదీ పాతదాని దారే పడుతుంది. అంటే లక్షలు రెండోసారి పెట్టాలన్నమాట.

ఎస్‌సీఆర్‌ను చంపేది ఎక్కువగా కల్తీ డెఫ్. పొలం యూరియాను బోరు నీళ్లలో కలిపి అమ్మేవాళ్లు ఉన్నారు. మన దగ్గర వ్యవసాయ యూరియాకు 2015 నుంచి వేప పూత తప్పనిసరి. ఆ వేపనూనె పంటకు మంచిదే కావచ్చు, ఎస్‌సీఆర్‌కు కాదు. బోరు నీళ్లలోని కాల్షియం కూడా పూతపై పేరుకుంటుంది. పైగా సబ్సిడీ యూరియాను ఇలా మళ్లించడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. అసలు సరుకైనా ఎండలో పెడితే పాడవుతుంది. 25 డిగ్రీల లోపు ఏడాదిన్నర నిలిచే డెఫ్, 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే ఉంటుంది. మన ఎండాకాలంలో క్యాబిన్ మీద కట్టిన క్యాన్ పరిస్థితి మీరే ఊహించుకోండి.

మార్చక తప్పకపోతే?

ముందు స్కానర్ పెట్టించి కోడ్‌లు రాసుకోండి. ఫిల్టర్‌కు ముందు, వెనక ప్రెజర్ తేడా ఎంతో చూపించమనండి. డెఫ్ పోసే ఇంజెక్టర్ దగ్గర తెల్లటి గడ్డ కడితే అది యూరియా స్ఫటికమే. వేడి నీళ్లకు కరుగుతుంది. అక్కడితోనే సమస్య తీరిపోయే బండ్లూ ఉంటాయి.

పార్టు కొనేటప్పుడు మోడల్ పేరు చెబితే సరిపోదు. అదే మోడల్‌లో హార్స్‌పవర్ మారితే డబ్బా లోపలి పూత, సైజు మారవచ్చు. ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ సరిచూడండి. గ్యాస్కెట్లు, క్లాంపులు కొత్తవే వేయించాలి. చిన్న లీకున్నా బయటి గాలి దూరి నాక్స్ సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది. బిగించాక కంప్యూటర్‌లో పాత మసి, బూడిద లెక్కలను రీసెట్ చేయించాలి. చాలాచోట్ల మర్చిపోయేది ఇదే. కొత్త ఫిల్టర్ వేసినా లైటు పోలేదంటే ముందు ఇది అడగండి. ఇక పాతదాన్ని ప్రెజర్ వాటర్‌తో కడగడం, సుత్తితో కొట్టడం లాంటివి చేస్తే లోపలి పింగాణీ పగిలిపోతుంది.

నిబంధనల ప్రకారం 16 టన్నులు దాటిన భారీ లారీలో ఈ వ్యవస్థ 7 ఏళ్లు లేదా 7 లక్షల కిలోమీటర్ల వరకు పరిమితుల్లో పనిచేస్తుందని తయారీదారు చూపించాలి. ఇది వారంటీ కాదు. అయినా తక్కువ కిలోమీటర్లకే ఫెయిలైతే జేబులో చెయ్యి పెట్టేముందు వారంటీ కాగితం తీసి చదవండి.

పీయూసీ పాసైంది కదా అంటే..

లోపలిది తీసేసిన బండి కూడా ఒక్కోసారి పీయూసీ పాసవుతుంది. ఎందుకంటే డీజిల్ బండికి అక్కడ చూసేది పొగ నలుపునే, నైట్రోజన్ ఆక్సైడ్లను కాదు. కంటికి కనిపించని ఆ గ్యాస్‌ను పీల్చేది మాత్రం డ్రైవరు, క్లీనరు, చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టువాడు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ 2012లోనే తేల్చింది.

చట్టం కూడా పీయూసీ దగ్గర ఆగిపోదు. కంపెనీ ఇచ్చిన బండిని అనుమతి లేకుండా మార్చితే మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు మీరితే 190(2) కింద 10 వేల వరకు ఫైన్, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. పైప్ వేసినవాడి పేరు ఆ కేసులో ఉంటుందో లేదో కానీ, ఆర్‌సీలో ఉన్నది మీ పేరే.

సెకండ్ హ్యాండ్ బీఎస్‌-6 లారీ కొనేవాళ్లు కూడా ఒక చిన్న టెస్ట్ చేసుకోవచ్చు. డెఫ్ ట్యాంకు నిండా పోయించి ఒక ట్రిప్పు తిప్పండి. మోడల్‌ను బట్టి వంద లీటర్ల డీజిల్‌కు సుమారు 4 నుంచి 6 లీటర్ల డెఫ్ ఖర్చవ్వాలి. తిరిగొచ్చి చూస్తే ట్యాంకు ఇంకా నిండుగానే ఉందా? అయితే అడ్వాన్స్ ఇవ్వకండి.