నాము మేసిన ఎద్దు

బళ్లారి తాలూకా పల్లెనుండి ఒక పాఠకమహాశయుడు వ్రాసిన జాబు కొన్నాళ్లుగా నా బల్లమీదనే యున్నది. ముంగారి జొన్న కోసిన చేనిలో, బెట్ట తరువాత పడిన తొలివానకు కొయ్యకాలినుండి లేచిన పిలకలను, అనగా నామును, నాలుగు కబళములు మేసినంతనే కాడియెద్దు ఊపిరాడక నేల కూలినదనియు, అదే చేని ఎండుచొప్పను ఏడాది పొడుగునను మేయు గొడ్లకు ఏ హానియు కలుగదేమనియు ఆయన ప్రశ్న. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రరాష్ట్రమున చేరి బళ్లారి మైసూరులో కలిసినను, నల్లరేగడిపై జొన్నయు, 'నాము తగులు'నను రైతు భయమును ఎల్లకు ఇరుప్రక్కల ఒక్కటే.

జొన్న విషమును సిద్ధముగా దాచుకొనదు. ఇదియే ఈ కథలోని అద్భుతము. టైరోసిన్ అను ఆమైనో ఆమ్లమునుండి ధుర్రిన్ అను పదార్థమును నిర్మించి, ఆకు పైపొర కణముల రసకోశములలో నింపును. దానిని విడగొట్టు ఎంజైమునో, లోపలి కణముల హరితరేణువులలో వేరుగా నుంచును. ఈ రెండును రెండు వేర్వేరు కణజాలములలో నివసించుచున్నవని 1979లో కాలిఫోర్నియాలోని జీవరసాయనికుడు ఎరిక్ కాన్, ఆయన సహచరులు చూపిరి. ఆకు చెక్కుచెదరనంత వరకు అందు విషమనునది లేదు. వక్కయు సున్నమును నోట కలిసి నలిగినప్పుడే ఎరుపు పుట్టునట్లు, పశువు పంటిక్రింద ఆకు చితికినప్పుడే ఎంజైము ధుర్రినును తాకును. గ్లూకోజు ఒకవైపు విడిపోగా, తుదకు హైడ్రోసయనిక్ ఆమ్లము వెలువడును. చీకటిలో మొలకెత్తించిన జొన్నమొలకల కొనలయందు ఎండుబరువులో 30 శాతము వరకు ధుర్రినే యుండుననిన, లేతతనమున ఈ మొక్క ఆత్మరక్షణకై ఎంత వెచ్చించుచున్నదో ఊహింపవచ్చును. ముదిరి కంకి వేయునప్పటికి ఆ పాలు తగ్గును. బెట్టకు ఎదుగుదల నిలిచినను, నత్రజని ఎరువు మితిమీరినను పెరుగును.

గుఱ్ఱమును పందియు ఈ మేతను ఎద్దుకంటె బాగుగా తట్టుకొనును. ఏలయన, వాని కడుపులోని ఆమ్లము ఎంజైమును ముందే నిర్వీర్యము చేయును. నెమరువేయు జంతువు మేతయో, మొదట ఆమ్లము లేని పెద్దపొట్టలో దిగును. గడ్డిని ఆహారముగా మార్చి పశువును పోషించు సూక్ష్మజీవులు అక్కడ కోట్లకొలది కాచుకొనియుండి, ఎంజైము విడిచిన శేషమును తామే విడగొట్టును. శరీరపు బరువులో కిలోకు ఇంచుమించు 2 మిల్లీగ్రాముల హైడ్రోసయనిక్ ఆమ్లము చాలును. మూడువందల కిలోల ఎద్దునకు గ్రాములో మూడు పాళ్లకు రెండు పాళ్లైనను అక్కరలేదు. రక్తమునిండ ప్రాణవాయువున్నను కణములు దానిని వాడుకొనలేవు. కణశ్వాసకు ఆధారమైన ఎంజైములోని ఇనుమును సయనైడు పట్టి బిగించును. అందువలననే చనిపోవు పశువు రక్తము మిక్కిలి ఎఱ్ఱగా నుండును. మెల్లగా కొంచెము కొంచెము మేసినచో, రోడనేజు అను ఎంజైము గంధకమును జోడించి సయనైడును థయోసయనేటుగా మార్చి మూత్రమున వెడలించును. ఆకలిగొని ఆబగా మేసినదే చచ్చును.

దీనిని మొదట తప్పుగా గ్రహించినవారిలో పీజ్ ఒకడు. భారతదేశమున పనిచేసిన ఈ ఆంగ్లేయ పశువైద్యుడు పందొమ్మిదవ శతాబ్ది చివర, పశువులు చచ్చిన జొన్నకాడలలో సురేకారమును, అనగా నైట్రేటును, పుష్కలముగా కనుగొని నేరమును దానిపై మోపెను. 1902లో డన్‌స్టన్, హెన్రీ అను రసాయనికులు లేతజొన్ననుండి ధుర్రినును వేరుపరచి ఆ వాదమును త్రోసివేసిరి. పీజ్ కొంతవరకు సరియే యని నా పట్టుదల. బెట్టజొన్న కాడలో నైట్రేటు నిజముగనే పేరుకొనును. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చగా, హీమోగ్లోబినులోని ఇనుము రూపు మారి రక్తము కాఫీరంగు దాల్చును. అట్లు మారిన ఇనుమే సయనైడును తనవైపు లాగును! 1933లో చెన్ అను ఔషధశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు నైట్రైటును, గంధకమునిచ్చు థయోసల్ఫేటుతో జతచేసి సయనైడునకు విరుగుడుగా నిలిపినది ఈ ఆకర్షణ బలమున. పీజ్ హంతకియనిన సురేకారము సోదరియే ప్రాణదాత్రి యైనది. కావున చికిత్సకునికి రక్తము రంగే శాస్త్రము: అది ఎఱ్ఱనైనచో నైట్రైటు రక్షించును, గోధుమవర్ణమైనచో అదే నైట్రైటు చంపును, అప్పుడు మెథిలీన్ బ్లూ వలయును.

ఇక పాఠకుని ప్రశ్నకు: కోసిన చొప్ప ఎండునప్పుడు కణములు చితికి, పుట్టిన ఆమ్లము గాలిలో కలిసిపోవును; అదియునుగాక ముదిరిన చొప్పలో ధుర్రిను ముందే కొద్ది. పూత రాకమునుపు పచ్చిజొన్న మేపరాదనియు, కోసినచేని పిలకలకు గొడ్లను తోలరాదనియు కరపత్రములు చెప్పుచునే యున్నవి గాని, ఎందుకని తరచు వివరింపవు. ఛాయాచిత్రకారులు హైపోయని వాడిన చౌక ఉప్పు థయోసల్ఫేటు పల్లె పశువైద్యశాలలో తరచు దొరకదు. ఆకు నలిపి సీసాలో వేసి, పైన పిక్రేటు పూసిన పసుపుపచ్చని కాగితము వ్రేలాడదీసినచో, విషమున్నయెడల అది ఇటుకరంగునకు మారునని గిన్యార్ అను శాస్త్రజ్ఞుడు 1906లోనే తెలిపెను. ఈ పరీక్షను గొడ్లను తోలుటకు ముందు మన రైతునకు ఎవరైనను చేసి చూపుచున్నారా?