స్ప్రేయర్ బ్యాటరీతోనే చేనుకు కాపలా మైకు

పంట చేతికొచ్చే వేళకు నల్లమల అంచు పల్లెల్లో రైతుకు నిద్ర కరువు. అచ్చంపేట, లింగాల, అమ్రాబాద్ వైపు యాసంగి వేరుశనగలో కాయ ఊరడం మొదలైందంటే చాలు, అడవిపందులు దిగుతాయి. మక్కజొన్న అయితే కంకి పాలు పట్టిన నాటి నుంచే. ఒక గుంపు పడిందంటే తెల్లారేసరికి తిన్నదానికంటే తొక్కి పాడుచేసిందే ఎక్కువ. మంచె ఎక్కి డబ్బా కొట్టుకుంటూ ఎన్ని రాత్రులని మేలుకుంటారు? ఆ విసుగులోనే కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. దానికి పంది పడుతుందో లేదో గానీ, చీకట్లో మోటారు వేయడానికి పోయిన పక్క చేను రైతు పడిపోయిన సంగతులు మనం వింటూనే ఉన్నాం. అది నేరం కూడా.

తీగకు బదులు మైకు పెట్టుకుంటున్న రైతులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. బజారులో తయారుగా దొరుకుతాయి. అయితే చాలా ఇళ్లలో అందుకు కావలసిన ముఖ్యమైన వస్తువు ఇప్పటికే ఉంది. అదే బ్యాటరీ స్ప్రేయర్. పగలు మందు కొట్టి సాయంత్రం మూలన పడేసే ఆ డబ్బా అడుగున 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఎక్కువ వాటిలో అది 8 ఆంపియర్ అవర్లది. రాత్రికి దాన్ని మైకుకు వాడుకోవచ్చు. బయటికి తీసేముందు పైన ఉన్న మందు మరకలు తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లలు తిరిగే చోట పెట్టకండి.

ఇక కొనాల్సినవి మూడు. పాటలు పాడే ఎంపీత్రీ బోర్డు ఒకటి, ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి, హారన్ ఒకటి. హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠిలో గుజరాతీ గల్లీలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పట్టణంలో టీవీలు, రేడియోలు బాగుచేసే వారిని అడిగినా తెప్పిస్తారు. ఎంపీత్రీ బోర్డు కొనేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. 12 వోల్టులకు పనిచేసేదై ఉండాలి. మెమరీ కార్డు పెట్టి కరెంటు ఇవ్వగానే దానంతటదే మొదలుకావాలి. కొన్ని బోర్డులు ప్రతిసారీ మీట నొక్కితే తప్ప పాడవు. కొట్టులోనే పెట్టించి చూడండి. ఆంప్లిఫయర్‌కు టీపీఏ 3110 రకం బోర్డు బాగుంటుంది, వేడెక్కదు, బ్యాటరీని తినేయదు. పాత టీడీఏ 7297 రకమూ పనికొస్తుంది గానీ దానికి అల్యూమినియం రేకు బిగించాలి, కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది.

అసలు కీలకం హారన్ దగ్గర ఉంది. ఇంట్లో పాత టేపురికార్డరు స్పీకరు ఉంది కదా, దాన్నే పెడదామని చాలామందికి అనిపిస్తుంది. గదిలో బాగానే మోగుతుంది, చేనులో పది బారలు దాటదు. కాగితపు కోను ఉన్న చిన్న స్పీకరుకు, మంచి హారన్‌కు శబ్దంలో సుమారు 20 డెసిబెల్స్ తేడా ఉంటుంది. అంటే ఒక వాటుతో హారన్ చేసే చప్పుడుకు ఆ చిన్న స్పీకరుకు వంద వాట్లు కావాలన్నమాట. చిన్న బ్యాటరీతో నెట్టుకురావాలనుకునే వాడికి ఇంతకంటే ఏం కావాలి! కాకపోతే హారన్ బొంగురు గొంతును పలకదు. పులి గాండ్రింపు పెడదామని కొందరు సరదాపడతారు. ఆ గాండ్రింపులో గాంభీర్యమంతా లోతు శబ్దంలోనే ఉంటుంది, హారన్‌లో అది పిల్లి కూతై బయటికొస్తుంది. మనుషుల కేకలు, కుక్కల మొరుగుడు, డబ్బా చప్పుడు మాత్రం ఖంగుమంటాయి.

హారన్ 8 ఓములదే అడగండి. 4 ఓములది పెడితే చప్పుడు కొంచెమే పెరుగుతుంది, కరెంటు మాత్రం రెట్టింపు లాగుతుంది.

బిగింపులో నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి మా మేనల్లుడూ నేనూ కలిసి బిగించాం. స్పీకరు మైనస్ తీగను బ్యాటరీ మైనస్‌కే కలిపాం, మైనస్ మైనస్ ఒకటే కదా అని. మీట వేసిన మరుక్షణం బోర్డు నుంచి పొగ. ఈ రకం ఆంప్లిఫయర్లలో స్పీకరుకు పోయే రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది. ఏదీ బ్యాటరీకి తగలకూడదు, ఇనుప డబ్బాకూ తగలకూడదు. రెండు హారన్లు పెడితే వాటి మైనస్‌లను ఒకటిగా ముడివేయకూడదు. రెండో బోర్డు కొన్నాకే ఈ జ్ఞానం అబ్బింది.

మిగిలిన బిగింపు తేలికే. బ్యాటరీ ప్లస్ నుంచి ముందు ఫ్యూజు, తర్వాత మీట, అక్కడి నుంచి రెండు బోర్డులకు తీగలు. ఫ్యూజు 3 ఆంపియర్లది, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. చిన్న బ్యాటరీయే కదా అని ఫ్యూజు మానొద్దు. తీగలు ఒకదానికొకటి తగిలితే ఇదే బ్యాటరీ తీగ తొడుగును కాల్చేస్తుంది. ఎంపీత్రీ బోర్డు నుంచి ఆంప్లిఫయర్‌కు శబ్దం తీగ కలిపితే అయిపోయినట్టే. రెండు బోర్డులూ ఒకే బ్యాటరీ మీద ఉంటే వెనక సన్నగా గుర్రుమనే రొద వస్తుంది. పాటలు వినేవారికి అది లోపం, పందులకు కాదు.

పాత ల్యాప్‌టాప్‌లలోని లిథియం సెల్లులు ఊడదీసి మూడేసి కట్టి వాడే కుర్రాళ్లున్నారు. తేలికగా ఉంటాయన్న మాట నిజమే. కానీ వాటికి రక్షణ బోర్డు లేకపోతే ఎక్కువ చార్జి అయినప్పుడు మంటలు లేస్తాయి. గుడిసెలో, గడ్డివాము పక్కన చార్జింగు పెట్టే మనకు అవి వద్దు.

ఇప్పుడు బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్న లెక్క. ఆపకుండా మోగిస్తే సుమారు ముప్పావు ఆంపియర్ లాగుతుంది, పది గంటలకు బ్యాటరీ దాదాపు ఖాళీ. ఈ రకం బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా చస్తుంది. కాబట్టి నిమిషం మోగి తొమ్మిది నిమిషాలు ఆగాలి. దానికి వేరే టైమరు కొననక్కర్లేదు. ఫోనులో ఒక నిమిషం కేకలు వేసి, కుక్కను మొరిగించి, ఆ రికార్డింగును ఆపకుండా ఫోనును తొమ్మిది నిమిషాలు గదిలో నిశ్శబ్దంగా వదిలేయండి. ఆ నిశ్శబ్దమే టైమరు. ఇలా చేస్తే రాత్రికి రెండు ఆంపియర్ అవర్ల లోపే ఖర్చవుతుంది, రెండు రాత్రులు నిశ్చింతగా వస్తుంది. రికార్డింగును ఎంపీత్రీగా మార్చి కార్డులో వేయాలి, లేకుంటే చాలా బోర్డులు చదవవు. ఊళ్లో ఫోన్లు బాగుచేసే కుర్రాడెవరైనా చేసిపెడతాడు.

సగం వాడిన బ్యాటరీకి ఒక ఆంపియర్ చార్జరుతో ఐదారు గంటలు పడుతుంది. మీటరు పెట్టి చూసి 11.8 వోల్టుల కిందికి దిగితే ఆ రాత్రికి వాడకండి. కరెంటు లేని చేనులో 20 వాట్ల సోలార్ పలక చాలు, మధ్యలో చార్జి కంట్రోలరు తప్పనిసరి.

ఇంత చేశాక కూడా ఒక మాట. వారం రోజులు ఒకేచోట ఒకే కేక మోగితే పందులు దాన్ని లెక్కచేయవు. అది అరుస్తుంటే పక్కనే తవ్వుకుంటాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పక్షులు, జంతువుల బెడదపై పనిచేసే విభాగం ఇలాంటి శబ్ద యంత్రాలు తయారుచేసింది. వాటికైనా మన మైకుకైనా ఈ అలవాటుపడడమే పెద్ద చిక్కు. అందుకే నాలుగైదు రకాల గొంతులు రికార్డు చేసుకోండి. మధ్య నిశ్శబ్దం ఒకసారి ఆరు నిమిషాలు, ఒకసారి పదమూడు పెట్టండి. రెండు రాత్రులకోసారి హారన్ చోటు మార్చండి, అడవి వైపు మూతి తిప్పండి. పంట కోతకు ఇరవై రోజుల ముందు మొదలుపెట్టి కోత కాగానే తీసేస్తే మంచిది. ఏడాది పొడవునా మోగిస్తే అవసరమైనప్పుడు పనిచేయదు. నాలుగు రాత్రులకోసారైనా మనిషి టార్చిలైటు పట్టుకుని తిరగాల్సిందే.

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో మైకులు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఊరికి దగ్గరి చేలల్లో ఇది గొడవలకు దారితీస్తుంది. పంచాయతీలో ముందే మాట్లాడి, పక్క రైతులకు చెప్పి పెట్టుకోండి. బోర్డులను, బ్యాటరీని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అడుగున చిన్న చిల్లు వేయండి, లోపల పట్టిన చెమ్మ దిగిపోతుంది. హారన్ మూతిని కొంచెం నేలకు వంచి కట్టాలి. మావాడు ఆకాశానికి ఎత్తికట్టాడు, మొదటి వానకే యూనిట్‌లో నీళ్లు నిండి మూగబోయింది.