శిశుపాల్‌గఢ్: శత్రువుల్ని ఆపిన మట్టిగోడ.. ఇళ్ల స్థలాల్ని ఆపలేకపోతోంది!

కోట అనగానే మనకు రాతి గోడలే గుర్తొస్తాయి. కానీ 2 వేల ఏళ్ల క్రితమే మట్టితో గోడ కట్టి, దాని మధ్య ఏకంగా ఓ నగరాన్నే నిలబెట్టారు. అదే ఒడిశా రాజధాని భువనేశ్వర్ శివార్లలో ఉన్న శిశుపాల్‌గఢ్.

పై నుంచి చూస్తే ఇది దాదాపు చతురస్రం. ఒక్కో వైపు సుమారు 1.2 కిలోమీటర్లు. చుట్టూ కందకం. ఒక్కో వైపు రెండేసి చొప్పున మొత్తం 8 ద్వారాలు. 1948లో పురావస్తు శాస్త్రవేత్త బి.బి.లాల్ ఇక్కడ తవ్వకాలు జరిపారు. మొదట కట్టిన మట్టిగోడ ఎత్తు సుమారు 25 అడుగులు, అడుగున వెడల్పు 110 అడుగులకు పైనే అని తేలింది. తర్వాతి కాలంలో దాని మీద ఎర్రరాతి గ్రావెల్ పోశారు. ఆ తర్వాత ఇటుక గోడలు లేపారు. నగరం మధ్యలో రాతి స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇంతకీ ఇది ఎవరి నగరం? దగ్గర్లోని ఉదయగిరిలో కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిన్న కళింగనగరి ద్వారాలు, ప్రాకారాలను ఆయన తన పాలన మొదటి ఏడాదే బాగు చేయించినట్టు అందులో రాసి ఉంది. ఆ నగరం ఇదే కావచ్చని పలువురు చరిత్రకారులు అంటారు. అన్నట్టు, కళింగనగరం పేరు మనకూ కొత్త కాదు. తర్వాతి కాలంలో తూర్పు గాంగుల కళింగనగరం శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమే అని చెబుతారు.

మరి సమస్య ఏంటి? శిశుపాల్‌గఢ్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చట్టం ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణాలు నిషేధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. కానీ ఇక్కడి భూమిలో చాలా భాగం ప్రైవేటు వ్యక్తులదే. భువనేశ్వర్ పెరిగేకొద్దీ కోట లోపలా, చుట్టుపక్కలా ఇళ్లు లేచాయి.

రాతి గోడ కూలితే రాళ్లైనా మిగులుతాయి. మట్టిగోడ అలా కాదు. జేసీబీతో ఒక్కసారి చదును చేస్తే అది మామూలు నేలే. దాని పొరల్లో దాగిన కుండపెంకులు, నాణేలు, ఏ కాలంలో ఏం జరిగిందో చెప్పే ఆధారాలు అన్నీ చెదిరిపోతాయి. మళ్లీ కట్టొచ్చు కానీ, ఆ చరిత్ర మాత్రం తిరిగి రాదు.

ఈసారి భువనేశ్వర్ వెళ్తే లింగరాజ ఆలయం, ధౌలి చూసి వెనక్కి వచ్చేయకండి. ఈ మట్టి కట్ట మీద కూడా కాసేపు నిలబడి చూడండి.