కోలారు గనుల నుంచి కార్న్‌వాల్ పారిష్ దాకా

మా కోలారు బంగారు గనుల్లో మన తెలుగు కూలీలతో పాటు ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్లూ ఉండేవారు. వాళ్ల సంతతివారు వంశం వెతకడం బ్యాంకు లెడ్జరు వెనక్కి తిప్పినట్టే ఉంటుంది. 1837 వరకు ప్రభుత్వ రిజిస్టర్లు దొరుకుతాయి. అంతకు ముందు కాలానికి పల్లె చర్చి పుస్తకాలే దిక్కు. వాటిని రాయమని 1538లో ఆజ్ఞ వచ్చింది. ఒకే ఊళ్లో ఒకే పేరువాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు. ఇంటిపేరేమో రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా! అందుకే బాప్తిస్మం, పెళ్లి, ఖననం మూడూ టాలీ అయితేనే ఇంకో తరం వెనక్కి వెళ్లాలి.

వాళ్ల ఇంటిపేర్లలో 'ట్రె' అంటే కార్నిష్ భాషలో నివాసం, పల్లె. నాలుకల మీద భాష పోయినా ఇంటిపేరులో మిగిలింది. మన ఇంటిపేర్లూ చాలా మటుకు ఊళ్ల పేర్లే కదా! మనకు మాత్రం పెద్దల నోటిమాటే లెడ్జరు. మా అవ్వను నేను అడగనే లేదు. మీరైనా ఇవాళే అడిగి రాసుకోండి.