పొగ తాగేవారి పన్ను త్వరగా ఎందుకు కోలుకోదు?

హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ రోడ్డు మీద బోడుప్పల్ వైపు వస్తుంటే టీ కొట్లు, డెంటల్ క్లినిక్‌ల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో షిఫ్టు దిగినవాళ్లు కొట్టు దగ్గర ఆగి చాయ్‌తో పాటు ఒక సిగరెట్ వెలిగిస్తారు. విడిగా కొనేవారికి ప్యాకెట్ మీది హెచ్చరిక బొమ్మ కూడా కంటపడదు. పొగ వల్ల పళ్లకు ఏమవుతుందని అడిగితే గార పడుతుందనో, నోరు వాసన వస్తుందనో అంటారు. అంతకంటే పెద్ద నష్టం పంటి లోపల, వేరు కొన చుట్టూ జరుగుతుంది.

పింగాణి పొర కింద డెంటిన్, దాని నడుమ మెత్తటి పల్ప్ ఉంటాయి. రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు ‘నరం తీసేశారు’ అని చెప్పేది ఈ పల్ప్ గురించే. అందులో నరాలతో పాటు రక్తనాళాలు, డెంటిన్‌ను తయారుచేసే కణాలు, సూక్ష్మజీవులతో పోరాడే కణాలు కూడా ఉంటాయి. వీటన్నిటికీ రక్తం ముఖ్యంగా వేరు కొనలోని సన్నటి రంధ్రం గుండానే రావాలి. ఎదిగిన పంటిలో దాని వెడల్పు సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. పల్ప్‌కు ఆ వీలు లేదు. చుట్టూ గట్టి గోడలు కాబట్టి లోపలే ఒత్తిడి పెరిగి, పడుకోగానే పన్ను పోటు మొదలవుతుంది.

ఇంత ఇరుకైన దారి మీద ఆధారపడిన కణజాలానికి పొగ రెండు వైపుల నుంచి దెబ్బ కొడుతుంది. నికోటిన్ చిన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. వచ్చే రక్తమే తక్కువ, అందులో ఆక్సిజన్ ఇంకా తక్కువ.

రక్షణ వ్యవస్థ మాటేమిటి? అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పొగ తాగేవారి పల్ప్‌నూ తాగనివారి పల్ప్‌నూ పోల్చి 2017లో ఫలితాలు ప్రచురించారు. సూక్ష్మజీవులను ఎదిరించే బీటా డిఫెన్సిన్ రకం ప్రోటీన్ ఒకటి, రోగనిరోధక కణాలను పిలిచే టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఈ రెండూ పొగ తాగేవారిలో తక్కువగా ఉన్నాయి. పుచ్చు పుట్టేది చక్కెర, సూక్ష్మజీవుల వల్ల. ఆ పుచ్చు లోపలికి దిగినప్పుడు ఎదుర్కొనే శక్తిని పొగ తగ్గిస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు తియ్యటి చాయ్, దాంతోపాటు సిగరెట్ తాగేవారి పంటికి రెండు ముప్పులూ ఒకేసారి వస్తున్నట్టే.

బోస్టన్‌లో మాజీ సైనికుల దంతాలను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం ఒకటి ఉంది. దాని ఫలితాలు 2006లో వచ్చాయి. 811 మంది పురుషుల్లో, ఎన్నడూ పొగ తాగనివారితో పోలిస్తే సిగరెట్ తాగేవారికి రూట్ కెనాల్ అవసరమయ్యే అవకాశం 1.7 రెట్లు ఉంది. తాగిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది, మానేసిన ఏళ్లు పెరిగేకొద్దీ తగ్గింది. ఈ రెండో సంగతే నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది.

పల్ప్ చనిపోతే సూక్ష్మజీవులు వేరు కొన దాటి ఎముక దాకా చేరతాయి. అక్కడ ఎముక కరిగి, ఎక్స్‌రేలో వేరు చివర కందిగింజంత నల్లటి మచ్చ కనిపిస్తుంది. చాలాసార్లు నొప్పే ఉండదు, వేరే పంటికి తీసిన ఎక్స్‌రేలో బయటపడుతుంది. డాక్టరు వేరు లోపల శుభ్రం చేసి మూయగలరు గానీ ఎముకను తిరిగి కట్టుకోవలసింది శరీరమే. అందుకు నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. ఆ పనికి కావలసిన రక్తప్రసరణనే పొగ దెబ్బతీస్తుంది. అయితే వేరు కొన జబ్బుకూ పొగకూ సంబంధంపై అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. 2004లో స్వీడన్ పరిశోధకులకు అలాంటి సంబంధం కనిపించలేదు. చిగుళ్ల జబ్బు విషయంలో మాత్రం అనుమానమే లేదు. పైగా పొగ తాగేవారికి చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా కారుతుంది కాబట్టి, లోపల ఎముక అరుగుతున్నా ‘నా చిగుళ్లు బాగానే ఉన్నాయి’ అనుకుంటారు.

పొగ నోటికి చేటన్న పాఠం తెలుగునేల కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఎక్కువగా ఆడవాళ్లలో ఉండేది. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ భారతీయ పరిశోధకులతో కలిసి 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించి 1971లో వివరాలు ప్రచురించారు. అంగిలి మీద తెల్లబారిన మచ్చలు, క్యాన్సర్లు అందులో నమోదయ్యాయి. అక్కడ నష్టం నోరు తెరవగానే కనిపించింది. సిగరెట్ వల్ల పంటి లోపల జరిగేది అద్దంలో కనిపించదు.

పన్ను నొప్పికి పొగ పీలిస్తే తగ్గుతుందని ఎవరైనా చెబితే వినకండి. రూట్ కెనాల్‌కు గానీ పన్ను తీయించుకోవడానికి గానీ వెళ్లినప్పుడు రోజుకు ఎన్ని సిగరెట్లు, బీడీలు తాగుతారో దాచకుండా డాక్టరుకు చెప్పండి. పన్ను తీయించుకున్నాక పొగ తాగితే ఆ గుంట మానకుండా తీవ్రంగా నొప్పి పెట్టే ముప్పు కూడా ఎక్కువ. ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. మానేయాలనుకుని తోవ తోచనివారు జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు.