క్రాన్‌బెర్రీ మొక్క కొనేముందు వాక్కాయ సంగతి చూడండి

ఈ మధ్య ఒక రైతు సోదరుడు మౌలాలిలో మా ఇంటికి వచ్చి ఫోన్‌లో వీడియో చూపించాడు. నీళ్లు నిండిన మడిలో ఎర్రటి కాయలు తేలుతున్నాయి. "ఇది నీళ్లలో పండే పంటే కదా సార్, నా వరి మడిలో పెట్టొచ్చా? మొక్కలు తెచ్చిస్తామంటున్నారు" అని అడిగాడు. అప్పటికింకా బయానా ఇవ్వలేదు, అదృష్టం.

ముందు ఆ వీడియో సంగతి. క్రాన్‌బెర్రీ నీళ్లలో పెరిగే పంట కాదు. నేల మీద పాకే తీగ. అమెరికాలోని విస్కాన్సిన్, మసాచుసెట్స్ రాష్ట్రాల్లో ఇసుక, పీట్ నేలల్లో వేస్తారు. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు కోత. కాయ లోపల నాలుగు గాలి గదులుంటాయి కాబట్టి నీళ్లలో తేలుతుంది. అందుకే కోతప్పుడు మడికి నీళ్లు కట్టి, యంత్రంతో తీగలను కుదిపి, తేలిన కాయలను ఒక మూలకు తోస్తారు.

ఈ పంటకు ఉదజని సూచిక 4 నుంచి 5.5 మధ్య ఉండే పుల్లటి నేల కావాలి. చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటలకు పైగా తగలాలి. మన దగ్గర ఆ నేలా లేదు, ఆ చలీ లేదు. మొక్క బతికినా కాయదు. కాబట్టి దాని మీద డబ్బు పెట్టకండి.

కొందరు 'ఇండియన్ క్రాన్‌బెర్రీ' పేరుతో అమ్మేది వాక్కాయ. దానికీ దీనికీ చుట్టరికం లేదు, రెండూ పుల్లగా ఉంటాయంతే. వాక్కాయ మన పంటే. పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడికి వాడతాం. బేకరీ కేకుల మీద, మిఠాయి కిళ్లీలో కనిపించే 'చెర్రీ' చాలాసార్లు రంగు వేసి పాకం పట్టిన వాక్కాయే. మరి పేరు మార్చి ఎక్కువ ధర చెబితే మనమెందుకు ఇవ్వాలి?

రాళ్ల చెల్క, గరుకు నేల, నీటి ఎద్దడి, అన్నిటినీ ఇది తట్టుకుంటుంది. నీళ్లు నిలిచే చోటు మాత్రం పనికిరాదు. పంతనగర్ విశ్వవిద్యాలయం పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ రకాలను, దాపోలి విశ్వవిద్యాలయం కొంకణ్ బోల్డ్ రకాన్ని ఇచ్చాయి. మొక్కలు సొంతంగా పెంచుకోవాలంటే బాగా పండిన కాయల్లోంచి గింజ తీసి వెంటనే నాటుకోవాలి. నిల్వ ఉంచితే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది.

జూన్, జూలైలో వానలు పడ్డాక నాటుకోండి. గట్టు మీద జీవకంచెగా అయితే మీటరుకు ఒక మొక్క చాలు. తోటగా అయితే 3 మీటర్ల ఎడం, అంటే ఎకరానికి సుమారు 440 మొక్కలు. అడుగున్నర గుంత తీసి, 10 కిలోల పశువుల ఎరువు కలిపి నింపాలి. మొదటి రెండు వేసవుల్లో నీళ్లిచ్చి కాపాడితే తర్వాత దాని బతుకు అదే బతుకుతుంది. మూడో ఏటి నుంచి కాపు మొదలవుతుంది. బాగా ఎదిగిన పొదకు 3 నుంచి 5 కిలోల కాయ వస్తుంది.

అసలు ఇబ్బంది కోతలో ఉంది. ముళ్లు గట్టివి, తెల్లటి పాలు చేతికి బంకలా అంటుకుంటాయి. పంట లాభమా నష్టమా అన్నది కూలీ ఖర్చే తేలుస్తుంది. అందుకని మొదటే ఎకరమంతా వేయమని నేను చెప్పను. ముందు కంచెగా వేయండి, పశువులైనా ఆగుతాయి. అంతకన్నా ముందు తెలిసినవాళ్ల చెట్టు దగ్గరకు వెళ్లి ఒక గంట కోసి తూకం వేసి చూడండి. ఆ కిలోలకు సంతలో వచ్చే ధర, గంట కూలీ, రెండూ పక్కపక్కన పెడితే లెక్క తెలిసిపోతుంది.

పచ్చడికి, 'చెర్రీ'కి పచ్చి కాయ కావాలి. జామ్‌కు పండు కొంత కలిపినా ఫర్వాలేదు. ఒక్కసారే తెంపకుండా రెండు మూడు విడతలుగా కోయండి. పచ్చి కాయ నీడలో వారం దాకా ఆగుతుంది. పండింది రెండు మూడు రోజులకే మెత్తబడుతుంది. కాబట్టి కొనేవాళ్లతో ముందే మాట్లాడుకుని, ఎంత అడిగారో అంతే తెల్లవారుజామున కోసి పంపండి.