దారి యెంచుకొనుటయు, తన్ను తాను మన్నించుకొనుటయు

పదవ తరగతి ఫలితములు వెలువడిన వారమున మన యిండ్లలో జరుగు సంభాషణ యించుమించుగా ఒక్క తీరుననే యుండును. ఏ కాలేజి, ఏ కోర్సు, ఫీజు ఎంత, బస్సు దొరకునా, హాస్టలు కావలెనా. ఇవి యన్నియు అడుగవలసిన ప్రశ్నలే. కాని పదునారేండ్ల బిడ్డ మనస్సులో మెదలు ప్రశ్న వీనిలో నేదియు గాదు. "నేనెంచుకొన్నది తప్పయినచో నా గతి యేమి?" అనునదియే ఆ ప్రశ్న. దానిని పిల్లలు పైకి అనరు. వారు అనరు గనుక మనమును సమాధానము చెప్పము.

పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనవంటి కుటుంబములలో ఈ భయమునకు మరియొక ముడి పడియున్నది. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో, కాలేజిలో ఇంగ్లీషు. మొదటి సంవత్సరము పాఠము వెంటనే బోధపడనప్పుడు, భాష క్రొత్తది గదా యని పిల్లవాడు తలంపడు. తన బుద్ధియే మందమని తలంచును. అదే సమయమున తల్లియు తండ్రియు "తెలుగు బడిలో వేసి పొరపాటు చేసితిమేమో" అని వంటింట మెల్లగా అనుకొందురు. మెల్లగా అన్న మాటయే పిల్లల చెవిని ముందుగా పడును. అప్పటినుండి ఆ యింట ఇరుపక్షములవారును తమ్ము తామే నిందించుకొనుచు, ఒకరితో నొకరు మాటాడక దినములు గడుపుదురు.

తన్ను తాను మన్నించుకొనవలెననగానే కొందరు పెద్దలకు అది సోమరితనమునకు సాకుగా తోచును. తప్పు చేయుట, మన్నించుకొనుట, మరల చేయుట, ఇక బాగుపడుట యెన్నడని వారి ప్రశ్న. ఈ యనుమానము అకారణము కాదు. అందుచేత ఒక నిజమైన యుదాహరణమును కొంత వివరముగా చూడవలసియున్నది.

అబ్దుల్ కలాంగారు రాష్ట్రపతి యైన కథ పిల్లలందరికిని తెలిసినదే. అందులకు ముందు ఆయనకు తప్పిన లెక్కల సంగతియే మనకిప్పుడు కావలసినది. ఆయన వానిని 1999లో వెలువడిన తన ఆత్మకథలో దాచక వ్రాసికొనెను. రామేశ్వరమునుండి తిరుచిరాపల్లికి వచ్చి సెయింట్ జోసెఫ్ కాలేజిలో ఇంటర్మీడియట్ ముగించి, అక్కడనే భౌతికశాస్త్రమున బి.ఎస్సీ. చదివెను. ఆ చదువు ముగియు వేళకుగాని ఆ శాస్త్రము తన కోరికకు దారి కాదనియు, తాను ఇంజనీరింగు చదువవలసియుండెననియు ఆయనకు తెలియలేదు. ఇంటర్మీడియట్ కాగానే ఆ చదువున చేరియుండవచ్చునని ఆయనయే వ్రాసెను. తరువాత మద్రాసులోని ఎం.ఐ.టి.లో ప్రవేశము దొరకెను గాని, అందులకు కావలసిన వేయి రూపాయలు ఆ యింట లేవు. అక్కగారైన జొహరా తన బంగారు గాజులను, గొలుసును తాకట్టుపెట్టి ఆ సొమ్ము సమకూర్చెను. ముందే యెందుకు ఆలోచింపలేదని ఆమె నిలదీసియుండినచో, ఆ పిల్లవాడు ఆ నగల బరువుతోపాటు ఆ మాట బరువును కూడ మోయవలసి వచ్చెడిది.

ఇంజనీరింగు ముగిసిన పిమ్మట, 1958 ప్రాంతమున, వైమానిక దళమున చేరవలెనను కోరికతో డెహ్రాడూనునకు ఇంటర్వ్యూకు పోయెను. ఇరువదియైదుగురిలో తొమ్మిదవ స్థానము వచ్చెను, ఉద్యోగములు ఎనిమిది. ఇది ఆయన తప్పు కాదు. అయినను మనస్సు అట్టి భేదమును పాటింపదు. చేసిన తప్పునకును, తగిలిన దెబ్బకును ఒక్క పేరే పెట్టి, "నావల్ల కాలేదు" అని ఊరుకొనును. ఆయన అక్కడనుండి ఋషీకేశమునకు పోయి, స్వామి శివానందగారిని దర్శించి, ఊరట పొంది, ఢిల్లీకి మరలి వచ్చెను. అక్కడ రక్షణశాఖలో నెలకు 250 రూపాయల మూలవేతనముపై దొరకిన కొలువున చేరెను. విమానము నడపవలెనన్న కోరిక అంతటితో ముగిసెను.

ఇక నిజముగా ఆయన తీర్పే తప్పిన సందర్భము. 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోటనుండి మన తొలి ఉపగ్రహ వాహకమగు ఎస్.ఎల్.వి.-3ను ప్రయోగించిరి. ఇరువదిమూడు మీటర్ల పొడవు, పదునేడు టన్నుల బరువు, నాలుగు దశలు గల రాకెట్టు అది. మొదటి దశ చక్కగా పనిచేసెను. రెండవ దశ అదుపు తప్పెను. 317 సెకండ్లకు ప్రయాణము ముగిసి, మిగిలిన భాగములు శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరమున సముద్రమున పడిపోయెను. రెండవ దశను అదుపునందుంచు ఏర్పాటులోని నైట్రికామ్లము ముందుగనే కారిపోవుట అందులకు కారణమని తేలెను. ఆ కారుట ప్రయోగమునకు ముందు, కౌంట్‌డౌన్ చివరి ఘట్టమున కనబడినదే. దానిని లెక్కింపనక్కరలేదని భావించి ముందునకు సాగిరి.

పరిశీలనా సమావేశమున సహచరులు ఈ వైఫల్యమునకు సాంకేతిక కారణములను సవివరముగా చెప్పిరి. ఆ మాటల చాటున నిలిచిపోవుటకు కలాంగారికి అవకాశము కలదు. కాని ఆయన లేచి, ఆ కారుటను స్వల్పముగా నెంచిన బాధ్యత తనదనియు, మిషన్ డైరెక్టరుగా తాను ప్రయోగమును ఆపియుండవలసినదనియు అధ్యక్షుడగు సతీష్ ధవన్‌గారితో చెప్పెను.

ఆయన ఒప్పుకొన్నది ఎంతయో గమనింపవలెను. ఒక దినమున, ఒక విషయమున, తాను చేసిన ఒక నిర్ణయము. తాను ఇంజనీరుగా పనికిరానివాడననలేదు. తప్పు తనది కాదనియు అనలేదు. ఉన్న తప్పును ఉన్నంతగా కొలిచెను. తన్ను మన్నించుకొనుటకు మొదటి మెట్టు ఇదియే. దీనిని సాకు అనుటకు వీలులేదు. ఏలయన సాకు చెప్పువాడు తప్పును తగ్గించును, తన్ను నిందించుకొనువాడు దానిని పెంచును. ఇద్దరిలో నొకడును సరిదిద్దలేడు. తప్పిన దెక్కడనో తెలియకున్న దిద్దుట యెట్లు? కొలిచి చూచినవారు దిద్దిరి. ఏడాది తిరుగకుండగనే, 1980 జూలై 18వ తేదీన, రెండవ ఎస్.ఎల్.వి.-3 ముప్పదియైదు కిలోల రోహిణీ ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. అప్పుడును దానికి నాయకుడు కలాంగారే.

మొదటి ప్రయోగము విఫలమైన దినముననే జరిగిన చిన్న విషయము కూడ ఆ పుస్తకమున నున్నది. నాకు అన్నిటికంటె విలువగలదిగా తోచునది ఇదియే. కలాంగారు అలసి, భోజనము చేయక పోయి పడుకొనిరి. విక్రం సారాభాయి అంతరిక్ష కేంద్రమునకు డైరెక్టరుగా నున్న బ్రహ్మ ప్రకాశ్‌గారు రెండుమార్లు వచ్చి, నిద్రించుట చూచి వెడలిపోయి, సాయంకాలము దగ్గరపడు వేళ మూడవమారు వచ్చి, మేల్కొలిపి భోజనమునకు పిలిచెను. అంతవరకు ఆయనయు తినక వేచియుండెను. భోజనము సేయునంతసేపును రాకెట్టు ప్రసక్తి తేలేదు. విచారణ తరువాత జరిగెను, గట్టిగనే జరిగెను. ముందు మాత్రము అన్నము.

మన యిండ్లలో ఈ వరుస తరచు తలక్రిందులగును. పిల్లవాడు చెప్పులు విడువకముందే విచారణ మొదలగును. అన్నము సంగతి అమ్మ చూచుకొనును. విచారణ వలదని నా యభిప్రాయము కాదు. ఒకటి రెండు దినములు గడచిన పిదప ప్రశాంతముగా కూర్చుండి, ఏమి జరిగినది, అందులో నీ చేతనున్నదెంత, లేనిదెంత అని అడిగినచో చాలును. ఎవరి కుమారుని మార్కులును అప్పుడు తలంపనక్కరలేదు.

దారి మార్చుకొనుటకు అవకాశములు మన కాలముకంటె ఇప్పుడు హెచ్చు. పదవ తరగతి పిదప పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించినవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. 1989లో స్థాపింపబడిన జాతీయ సార్వత్రిక విద్యాలయము ద్వారా చదువు ఆగినవారు మరల పరీక్షకు కూర్చుండవచ్చును. పదవ తరగతిని తెలుగు మాధ్యమమునను వ్రాయవచ్చును. కర్ణాటకములో 2024లో ఎస్.ఎస్.ఎల్.సి.కి ఒకే సంవత్సరమున మూడు పరీక్షలు పెట్టి, మెరుగైన మార్కులను నిలుపుకొను వీలు కల్పించిరి. ఇవన్నియు పిల్లలకు ఎంపికకు ముందే తెలియవలెను. వెనుకకు మరలు దారి కలదని యెరిగిన బిడ్డయే ముందునకు ధైర్యముగా అడుగిడును.

ఇక తెలుగు బడిలో చేర్చినందుకు తమ్ము నిందించుకొను తల్లిదండ్రుల మాట. వారును అదే కొలతతో కొలుచుకొనవలెను. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అనుభవముగల బోధకులు పలువురు మెచ్చు పద్ధతియే అది. కనుక ఆ నిర్ణయము తప్పు కాదు. కాలేజి మొదటి సంవత్సరమున ఇంగ్లీషు సాంకేతిక పదములు క్రొత్తగా తగులుట మాత్రము నిజమైన కష్టము. దానికి ఒక నోటుబుక్కు చాలును. ఎడమ ప్రక్క పాఠమున వచ్చిన ఇంగ్లీషు మాట, కుడి ప్రక్క బడిలో నేర్చిన తెలుగు మాట, క్రింద ఒక చిన్న వాక్యము. దినమునకు పది మాటల చొప్పున, కాలేజి తెరచుటకు ముందున్న వేసవి సెలవులలోనే ఆరంభించినచో మంచిది. తండ్రికి ఇంగ్లీషు రాకున్నను, తల్లి చదువుకొనకున్నను, తెలుగు ప్రక్కను తాము చదివించుకొని వినవచ్చును.